రెండో గదిలో అమ్మ

పచ్చదీపం వెలిగింది. అన్నయ్య బల్ల మీద పడుకుని మాస్కు మొహానికి బిగించుకున్నాడు, రెండో గది తలుపు మూసుకుంది, ఇంక గంట. గంటంటే నాకు పన్నెండు మాస్కులు. ఒక్కోదాన్నీ వేణ్ణీళ్ళలో ముంచి, రబ్బరు అంచుల్లో ఇరుక్కున్న వెంట్రుకలు ఏరి, తుడిచి తీగ మీద వేలాడదీయడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఈ ఓడలో పొద్దు పొడవడం కుంకడం లేవు కాబట్టి కాలాన్ని మాస్కుల్లోనే కొలవడం నేర్చుకున్నాను. మొదటిది వంటాయనది. మీద అంటించిన చీటీ చూడక్కర్లేదు, గడ్డం దగ్గర జిగురు చూస్తే చాలు, చొంగ, లోపల ఏం చూస్తాడో గాని నోరు తెరుచుకునే చూస్తాడు. ఇరవై ముగ్గురు మనుషులు, ఇరవై మూడు రకాల చొంగ, చెమట, చీమిడి. నాలుగేళ్ళుగా అలవాటైన చేతులే, ఇవాళ మాత్రం బకెట్లోకి దిగనంటున్నాయి, వేళ్ళు ముడుచుకుపోతున్నాయి, ఎందుకో ఏమిటి, నాకు తెలీదా, ఆ తలుపు వెనకాల అన్నయ్యకి ఇవాళ ఏం కనబడబోతోందో ఈ ఓడ మొత్తం మీద నా ఒక్కదానికే తెలుసు. పది నిమిషాల్లో బయటికి పరిగెత్తుకొస్తాడు, కక్కుకుంటూ వస్తాడు, రానీ. ఖాళీ బకెట్ ఒకటి తలుపు పక్కనే పెట్టి ఉంచాను.

మాయగది అని ఎవరు పెట్టారో గాని పేరు బాగానే పెట్టారు. పదకొండేళ్ళ ప్రయాణం, నాలుగు గడిచాయి, కిటికీలోంచి చూస్తే ఆకాశపు నలుపు, రేపు చూసినా నలుపే, పనయ్యాక మనిషికి మతి చలించకుండా ఉండాలంటే ఏదో ఒక కాలక్షేపం కావాలి కదా, అందుకని మూడు గదులు, గదికో బల్ల, మనిషికో మాస్కు, పెట్టుకుని పడుకుంటే ఎక్కడ కావాలంటే అక్కడ, ఎవరు కావాలంటే వాళ్ళు. ఓడ ఎక్కక ముందు నేను చాలా ఊహించుకున్నాను, బాగా చదువుకున్నవాళ్ళు, ఏరికోరి తీసుకున్నవాళ్ళు, ఏ మంచుకొండలెక్కుతారో, ఏ సముద్రం అడుగున ఈదుతారో అని. ఏడ్చినట్టుంది. వంటాయన పెద్ద హోటల్లో కూర్చుని ఉప్పు తక్కువైందని సర్వర్లని తిడతాడు, గంటసేపూ అదే. డాక్టరమ్మ గోడకేసి పింగాణీ ప్లేట్లు పగలగొడుతుంది. ఓడ దారి లెక్కలు కట్టే ఆయన ట్రాఫిక్‌లో ఇరుక్కుని హారన్ కొడుతూ కూర్చుంటాడు, కోట్ల మైళ్ళు పోయినా ఎదురు వచ్చేవాడు లేని మనిషికి అదే సుఖం కాబోలు. కెప్టెన్, అంత గంభీరంగా ఉంటుందా మనిషి, లోపల ఆరో తరగతి పిల్లయిపోయి వెనక బెంచీలో కూర్చుని పక్కపిల్ల పేపర్లో చూసి రాస్తుందట. ఇవన్నీ నాకెలా తెలుసంటే వాళ్ళే చెబుతారు, మాస్కు విప్పి నా చేతిలో పెడుతూ, కళ్ళల్లో మత్తు ఇంకా దిగకుండానే, బకెట్ పట్టుకున్న మనిషికి చెప్పినా గోడకి చెప్పినా ఒకటే అనుకుంటారేమో. మొదట్లో నవ్వొచ్చేది, పోన్లే పాపం అనుకునేదాన్ని. నా వాటాకొచ్చిన గంటలు మాత్రం ఒక్కటీ వాడుకోలేదు. ఆ రబ్బరు నా మొహానికి అతుక్కుంటుందనుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

రెండోది పంపుల మేస్త్రిది. పట్టకారుతో తీద్దామనిపిస్తోంది. యాభై దాటిన మనిషి, ఓడలో నీళ్ళ గొట్టాలన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి, ఒకరి జోలికి పోడు, మంచివాడే, మంచివాడు కాబట్టే ఇంకా వెగటు. నెల కిందట రెండో గదిలోంచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "అమ్మాయ్, మీ అమ్మగారి చెయ్యి ఎంత మెత్తనమ్మా, దూదే అనుకో!" అన్నాడు. ఎవరమ్మ అన్నాను, నిజంగానే అర్థం కాక. "అదేంటి, మీ అమ్మగారే. మీ అన్నయ్య పుణ్యమా అని ఓడలో అందరికీ ఓ అమ్మ దొరికింది. ఒళ్ళో తలపెట్టుకుని అలా నిమురుతూ ఉంటే నిద్ర ముంచుకొచ్చేస్తుంది." ఆయన వెళ్ళాక గది పట్టీ తీసి చూశాను. ఆ నెలలోనే మేస్త్రి ఎనిమిదిసార్లు, వంటాయన ఐదు, కెప్టెన్ మూడు, డాక్టరమ్మ ప్లేట్లు మానేసి మరీ నాలుగుసార్లు. ఎక్కడికి అన్న గడిలో అందరికీ ఒక్కటే మాట, అమ్మ. ఎవరి అమ్మ అని కూడా లేదు, అమ్మ, అంతే, మంచినీళ్ళ కుళాయి అన్నట్టు. ఇంతమంది తలలు, చుండ్రు తలలు, చెమట తలలు, మా అమ్మ ఒళ్ళో. ఆ పూట కడుగుతున్న మాస్కులన్నిటి మీదా మా అమ్మని తాకిన మొహాల జిడ్డు ఉన్నట్టనిపించి అక్కడే, తొట్టిలోనే, కక్కేశాను.

అన్నయ్య గాలి యంత్రాల ఇంజనీరు. నాతో కలిపి ఇరవై నలుగురం వదిలే ఊపిరినీ కంపునీ వడగట్టి మళ్ళీ మాకే మంచి గాలిగా ఇవ్వడం అతని పని, ఆ పనికి అతన్ని మించినవాడు లేడని కెప్టెన్ అంటుంది. వెళ్ళి అడిగితే తల ఎత్తకుండా జల్లెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నీకోసం మాత్రమే అన్నావుగా. ఆ మాట మీదేగా నేను వేలిముద్ర వేసింది?"

"నాకోసమేనే. తర్వాత మేస్త్రి ఓసారి చూస్తానన్నాడు. చూసి ఏడ్చాడు. కాదంటానా?"

"అమ్మని అందరికీ పంచుతావా?"

"పంచితే అరిగిపోతుందా? వాళ్ళకి మాత్రం ఎవరున్నారే ఇక్కడ?"

"ఆ మెత్తటి చెయ్యేంటి? అమ్మ చెయ్యి నీకు గుర్తుందా అసలు?"

"నాకు అలాగే గుర్తుంది," అన్నాడు, నా వైపు చూడకుండా, జల్లెడ రంధ్రాల్లో ఏదో వెతుకుతున్నట్టు.

ఎలా గుర్తుంటుంది. చనిపోయినవాళ్ళని మాయగదిలో కట్టించుకోవాలంటే సొంతవాళ్ళు ఒప్పుకుంటూ వేలిముద్ర వెయ్యాలి, యంత్రం ముందు కూర్చుని చెప్పాలి, యంత్రం అడుగుతుంది, ఎలా నవ్వేవారు, ఎలా పిలిచేవారు, మనం ఏం చెబితే అదే మనిషి. అన్నయ్య ఆరు పూటలు కూర్చుని చెప్పాడు. నల్లగా నిగనిగలాడే జుట్టు, సబ్బు వాసన, బంగారుకొండా అన్న పిలుపు. మా అమ్మ ఆ మాట జన్మలో అనలేదు. ఆసుపత్రి ఉతుకుడు శాలలో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు ఉతికిన మనిషి, నెత్తురు మరకలు, చీము మరకలు, ఎవరెవరివో, బ్లీచింగ్ నీళ్ళకి అరచేతులు పగిలి, పగుళ్ళు ఎండి, ఎండినవి మళ్ళీ పగిలి, గరుకు కాగితంలా ఉండేవి. జడ వెయ్యమంటే దువ్వెన అందించేది, "నువ్వే వేసుకోవే, నా చేతులు తగిలితే గీరుకుంటాయి" అని. మరీ ముద్దొస్తే మణికట్టు వెనక భాగంతో బుగ్గ మీద ఒక్క తోపు తోసేది, అక్కడ చర్మం బాగుండేది మరి, ఆ తోపు కోసం నేను పనిగట్టుకుని అడ్డం వెళ్ళేదాన్ని. ఆ మణికట్టు ఏదీ? దూదట, దూది.

అన్నయ్య గుండె తొంభై ఐదు. తలుపు మీద పచ్చదీపం పక్కన చిన్న అంకె కనబడుతుంది, పడుకున్న మనిషి గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, అంతకు మించి బయటివాళ్ళకి ఏమీ తెలీదు. మూడో మాస్కు, ఇది దారి లెక్కలాయనది. నూట పది. నూట ఇరవై ఎనిమిది. ఆహా. చూశాడన్నమాట. లేవాలంటే బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు, నొక్కు మరి, పారిపో, ఆ ఎనిమిది నెలలూ చేసిందదేగా. పక్షవాతంతో ఎడం పక్క పడిపోయి అమ్మ తాను దుప్పట్లు ఉతికిన ఆసుపత్రిలోనే ఎనిమిది నెలలు మంచాన ఉంది, ఉతుకుడు శాల ఆడవాళ్ళు మంచి దుప్పట్లు ఏరి దాచి తెచ్చేవాళ్ళు, అయినా నడుం దగ్గర పుండు పడింది, ముందు రూపాయంత, తర్వాత అరచేయంత. అన్నయ్య రోజూ సాయంత్రం వచ్చేవాడు, రాలేదనను. గుమ్మం దగ్గర నిలబడి, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఎలా ఉంది?" అనేవాడు, మందుల సంచి నా చేతికి అందించి, "వస్తా మరి" అనేవాడు. మంచం దాకా ఏడు అడుగులు. ఆ ఏడు అడుగులూ వెయ్యలేదు. అమ్మ చూసేది. వాడు వెళ్ళాక, నోరు వంకరపోయి మాట ముద్దముద్దగా వచ్చేది, "వాడికి చిన్నప్పట్నుంచీ వాసనలు పడవులే" అనేది నాతో, నాతో, అప్పుడే చేతికి అంటినది కడుక్కుంటున్న నాతో. నాకు పడతాయా మరి? నాకు అసహ్యం వెయ్యలేదని ఎవరన్నారు? తీయటి కంపు అది, కుళ్ళిన పండులాంటిది, జుట్టులో దూరేది, అన్నం ముద్దలో వచ్చేది, కట్టు మార్చి వసారాలోకి పోయి కక్కి, మొహం కడుక్కుని మళ్ళీ నవ్వుకుంటూ వెళ్ళేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం దాకా వెళ్ళలేదు. నిద్రపోయానని చెప్పాను. నిద్రపోలేదు, మెలకువగానే ఉన్నాను, ఎదురుగా గోడ చూస్తూ కూర్చున్నాను, అమ్మ తడి గుడ్డల్లో పడుంటుందని తెలిసి తెలిసి కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు అది.

యంత్రానికి చెప్పాను. వారం కిందట, వాడని నా గంటలు బోలెడు ఉన్నాయిగా, నాలుగు పూటలు మూడో గదిలో కూర్చుని, మాస్కు లేకుండా, ఉత్త కుర్చీలో, అంతా చెప్పాను. నేనూ సొంతదాన్నే, నాకూ హక్కుంది. ఎలా పక్కకి తిప్పాలి, దుప్పటి అంచు ఎక్కడ పట్టుకోవాలి, తిప్పినప్పుడు పుండుకి అంటుకున్న గుడ్డ ఎలా చప్పుడు చేస్తుంది. వాసన గురించే అరగంట చెప్పాను. యంత్రం గొంతు మర్యాదగా, చల్లగా, "నమోదయింది, ఇంకేమైనా చెబుతారా?" అంది ప్రతిసారీ. ఆ మర్యాదకి నాకు అరవాలనిపించింది. అయినా చెప్పాను. అన్నయ్య గంట ఎప్పుడో చూసుకుని, అప్పటికి అందేలా చెప్పాను. మంచం పక్కన ఇంకెవరూ ఉండకూడదు, గదిలో వచ్చిన మనిషొక్కడే, తిప్పితే ఆ మనిషే తిప్పాలి.

నూట రెండు. తొంభై. ఇదేంటి, దిగుతోంది? ఏడో మాస్కు, ఎనిమిదోది, పదకొండోది, ఎవరివో చూడనే లేదు. బయటికి రాలేదు. డెబ్భై నాలుగు. నిద్రపోయాడా? గోడ మూలకి పోయి కళ్ళు మూసుకుని కూర్చున్నాడా? ఖాళీ బకెట్ నావైపు చూస్తోంది. అరవై ఎనిమిది, ఇది మామూలు మనిషి గుండె, ఏ ఏటి ఒడ్డునో కూర్చున్న మనిషి గుండె. అప్పుడు పట్టీ మీద కన్ను పడింది, అన్నయ్య తర్వాత గంట ఎవరిదో. మేస్త్రి. ఎక్కడికి, అమ్మ. అన్నయ్య ఒక్కడికే అని నేను యంత్రానికి చెప్పలేదు. అమ్మ గురించి చెప్పాను, అంతే, అంటే ఇప్పుడు అమ్మంటే అదే, అందరికీ అదే. మేస్త్రి తల దువ్వుకుని వస్తాడు, వంటాయన వస్తాడు, బట్ట తొలగిన నడుము, పుండు, కింద పెట్టిన గుడ్డలు, ఎదురుగా డాక్టరొచ్చినా ముందు దుప్పటి లాక్కునే మనిషి మా అమ్మ, ఆమెని నేనే ఈ చేతుల్తో విప్పి ఇరవై ముగ్గురి ముందు పడుకోబెట్టాను. ఛీ. అన్నయ్య చేసింది ఒక రోత, నేను చేసింది ఇంకో రోత. తలుపు బద్దలుకొట్టి వాణ్ణి లాగెయ్యాలి, మీట ఆపెయ్యాలి, లేచాను కూడా, తడి చేతుల్తో నేలంతా నీళ్ళు చేసుకుంటూ, అంతలో తలుపే తెరుచుకుంది.

అన్నయ్య నిలబడే ఉన్నాడు. కక్కలేదు. మొహమంతా కన్నీళ్ళు, మాస్కు అంచు గుర్తు బుగ్గల మీద ఎర్రగా, కానీ ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు, తలంటుకుని వచ్చిన మొహంలా ఉంది, తేటగా. వచ్చి నన్ను పట్టేసుకున్నాడు.

"నువ్వే చెప్పావు కదూ? నువ్వే. తిట్టుకున్నానే ముందు, చంపెయ్యాలనిపించింది నిన్ను. తర్వాత, తర్వాత తిప్పానే. నేనే తిప్పాను. ఏమందో తెలుసా? 'మెల్లగా తిప్పవే, నేనేమన్నా దుప్పటినా' అంది." నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. "తిప్పవే అంటోందే నన్ను! గంటసేపూ నన్ను ఒసేయ్ అనే పిలిచింది. నన్ను నువ్వనుకుంది."

ఆ మాట అమ్మ నాతో అన్న రోజు నాకు తెలుసు, ఆ పూట ఎండ ఎటు పడిందో కూడా తెలుసు.

"కట్టు మార్చానే. భయపడ్డాను గాని ఏం కాలేదు. ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డాను." ముక్కు చీదుకున్నాడు. "ఆరేళ్ళ బరువే, దిగిపోయింది. ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను."

"వాసన?" అన్నాను.

"ఏ వాసన?"

"పుండు వాసన. గుడ్డల వాసన."

కాసేపు ఆలోచించాడు, పాపం, నిజాయితీగానే ఆలోచించాడు. "అలాంటిదేం లేదే. సబ్బు వాసన వచ్చింది. బాగుంది."

సబ్బు. అరగంట చెప్పాను దానికి. నమోదయింది అంది. నమోదు చేసుకుని, విశ్రాంతికొచ్చిన మనిషికి ఇబ్బందిగా ఉంటుందని పక్కన పెట్టేసి, మా అమ్మ పుండుకి సబ్బు పూసి ఇచ్చింది. దానికి మాత్రం ఏం తెలుసు, కాలక్షేపానికి చేసిన యంత్రం, హాయిగా ఉంచడం దాని పని. కంపు లేని పుండు, బరువు లేని ఒళ్ళు, గంటకి ముగిసిపోయే ఎనిమిది నెలలు. దానికి వీడు మోకరిల్లి, ఏడ్చి, శుద్ధి అయిపోయి వచ్చాడు. శిక్ష వేద్దామని పంపితే స్నానం చేసి వచ్చాడు. నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు, ఆ చెయ్యి వెచ్చగా, శుభ్రంగా ఉంది, గోళ్ళలో కూడా ఏం లేదు, ఆ శుభ్రం చూసి నాకు అసహ్యం వేసింది, ఏ కుళ్ళు చూసినా ఎప్పుడూ అంత వెయ్యలేదు.

"రేపు కూడా ఈ గంట నాకే రాయవే. ఎల్లుండి కూడా. ఇంక నేను చూసుకుంటా అమ్మని," అన్నాడు.

చెయ్యి విడిపించుకున్నాను. తలుపు పక్క పలక మీద తడి వేలే పెట్టాను, మొదటిసారి పట్టలేదు, పైటకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. మీరు చెప్పినదంతా తొలగించమంటారా అని అడిగింది యంత్రం, అదే గొంతు, అదే మర్యాద. ఊఁ అన్నాను. తొలగిస్తే మళ్ళీ రాదు అంది. తెలుసు అన్నాను.

"ఏం చేశావే?" అన్నయ్య గొంతు మారిపోయింది.

"నేను చెప్పింది నేను తీసేసుకున్నాను. ఇంక నువ్వు చెప్పిన అమ్మే ఉంటుంది."

"ఇప్పుడే కదే నాకు తేలికైంది!"

"అందుకే."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. బుగ్గ మీద మాస్కు గుర్తు రుద్దుకుంటూ నిలబడ్డాడు. "అసలది ఎలా ఉండేదే?" అన్నాడు, నేలకేసి చూస్తూ. "ఆ వాసన." చెప్పడానికి నోరు తిరగలేదు. చెప్పకూడదని కాదు. మాటలన్నీ యంత్రానికే ఖర్చయిపోయాయి, ఏ మాట ఎత్తినా సబ్బే వస్తుందేమోనని భయమేసింది. అడిగినందుకు మాత్రం అతని మొహంలోకి చూశాను, ఆ గంటలో మొదటిసారి. నేను పలక్కపోయేసరికి తన యంత్రాల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మేస్త్రి వచ్చాడు. తల తడిపి నున్నగా దువ్వుకున్నాడు, చొక్కా మార్చుకున్నాడు, ఎవరింటికో భోజనానికి వచ్చినవాడిలా గుమ్మంలో కాళ్ళు తుడుచుకున్నాడు.

"మీ అమ్మగారు ఖాళీయేనా అమ్మాయ్?"

"మా అమ్మ లేదు మేస్త్రిగారూ. పోయి ఆరేళ్ళయింది. కుళ్ళి పోయింది," అన్నాను. "లోపల ఎవరో ఆవిడున్నారు."

ఆయన మొహం చిన్నబోయింది. నేను చేతిలో పెట్టిన మాస్కు అటూ ఇటూ తిప్పాడు, నావైపు చూశాడు, గది వైపు చూశాడు. వెనక్కి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను, ఒక్క క్షణం గట్టిగానే అనుకున్నాను.

"సర్లే అమ్మాయ్," అన్నాడు, తడి జుట్టు అరచేత్తో సవరించుకుంటూ, "ఆవిడైనా ఫరవాలేదు," అని లోపలికి వెళ్ళాడు.